మోడల్‌లో మా వీధికి తలుపులు లేవు: నగర ప్రణాళికా అధికారులకు, ఆర్కిటెక్టులకు, బిల్డర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ఆర్కిటెక్టులకు, బిల్డర్లకు నమస్కారం.

నగరం నడిబొడ్డున పాత బజారు వీధిలో చిన్న దుకాణం నడుపుకునేవాళ్లలో నేనొకణ్ణి. వీధికి రెండు పక్కలా రెండు, మూడంతస్తుల భవనాలు. కింద షాపులు. పైన గోడౌన్లు, టైలర్లు, ట్యూషన్ గదులు, అక్కడక్కడా ఇళ్లు. ఈ వీధికి ముందూ వెనకా టవర్లు వచ్చేలా ఎత్తు పరిమితులు మారుస్తున్నామని నోటీసు వేసినప్పుడు, గడువులోపే అభ్యంతరాలు రాసి ఇచ్చాం. విచారణకు పిలిస్తే షట్టర్లు దించుకుని వచ్చాం. మనిషికి మూడు నిమిషాలన్నారు, ఆ మూడు నిమిషాల్లోనే చెప్పాం. నెలలు గడిచాక అందరికీ ఒకటే వాక్యం జవాబుగా వచ్చింది: ‘మీ అభ్యంతరాలు పరిశీలించడమైనది.’ ఏది ఒప్పుకున్నారో, ఏది కొట్టేశారో, ఎందుకో ఒక్క ముక్క లేదు. మళ్లీ రాస్తే ఆ ఒక్క వాక్యం కూడా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

విచారణ రోజు బల్ల మీద పెట్టిన మోడల్ నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. టవర్లకు అంతస్తు అంతస్తుకూ సన్నటి గీత గీశారు. అద్దాలకు మెరుపు పెట్టారు. పై కప్పుల మీద పచ్చటి చెట్లు కూడా అంటించారు. వాటి మధ్యలో మా వీధి ఉంది, బూడిద రంగు దిమ్మల వరసగా, వేలి గోరంత ఎత్తున. వంగి చూశాను. ఒక్క దిమ్మకూ తలుపు లేదు. ‘ఇంత స్కేలులో అంత చిన్నవి చూపించలేమండీ’ అని అక్కడున్న ఇంజినీరు గారు ఓపిగ్గానే చెప్పారు. ఆయన్ని నేనేమీ అనడం లేదు. కానీ బజారు వీధిలోంచి తలుపులు తీసేస్తే ఇక మిగిలేది దిమ్మలే.

టవర్లు వద్దని మేం అనడం లేదు. ఈ మాట విచారణలోనూ చెప్పాం, మినిట్స్‌లో మాత్రం ‘వ్యాపారులు ఎత్తైన భవనాలను వ్యతిరేకించారు’ అని రాశారు. నగరం పెరుగుతుంటే జనం ఎక్కడో ఒకచోట ఉండాలి. పొలాల మీదికి పాకే బదులు నడిబొడ్డున పైకి పెరగడమే నయం. రెండు మూడు వేలమంది పనిచేసే భవనం పక్కనే వస్తే, వాళ్లు కిందికి దిగి వచ్చేది మా దగ్గరికే. ఆ బేరం మాకేమైనా చేదా? పారిస్‌లో 1973లో 210 మీటర్ల మోంపార్నాస్ టవర్ లేచాక జనం విసిగిపోయారు. 1977లో నగరంలో కొత్త భవనాలు 37 మీటర్లు దాటకూడదని పరిమితి పెట్టారు. ఆ తర్వాతి టవర్లు ఎక్కువగా నగర హద్దు అవతల లా దెఫాన్స్ అనే చోట పోగయ్యాయి. పక్కనే అలాంటి జాగా ఉంది కాబట్టి వాళ్లకు కుదిరింది. అన్ని నగరాలకూ కుదరదు, మేమూ అది అడగడం లేదు.

మా పేచీ నలభయ్యో అంతస్తుతో కాదు, కింది మూడంతస్తులతో. టవరు నేల మీద ఎలా దిగుతుంది, వీధి వైపు దాని ముఖం ఏమిటి అన్నదే మాకు ప్రాణం మీదికి వచ్చిన సంగతి. దీని వల్ల మామూలు మనుషులకు ఏమవుతుందో చెబుతాను.

1. నడక చచ్చిపోతుంది.

మా వీధిలో ఓ రోజు పొద్దున్నే, షట్టర్లు తెరుస్తున్న వేళ, వంద మీటర్లు కొలిచి తలుపులు లెక్కపెట్టాను. ఒక పక్కన పద్దెనిమిది. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్ ఏళ్ల తరబడి వీధుల్లో జనాన్ని గమనించి, వంద మీటర్లకు 15 నుంచి 20 షాపులుంటే ఆ వీధిలో మనిషికి నడవబుద్ధవుతుందని చెప్పారు. లెక్క తేలికే. గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడిచే మనిషికి వంద మీటర్లు దాటడానికి 72 సెకన్లు పడుతుంది. ఆ లెక్కన నాలుగైదు సెకన్లకొక కొత్త తలుపు, కొత్త సరుకు, కొత్త ముఖం కనబడుతుంది. ఇప్పుడు పక్క రోడ్డులో లేచిన టవరు దగ్గరికి రండి. అదే వంద మీటర్లలో ఒక గాజు లాబీ, కార్లు దిగే ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మర్ గది, ఫైర్ మెట్ల తలుపు. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. మిగతాది గ్రానైట్ గోడ. పైన నాలుగంతస్తులు పార్కింగ్, దానికి జాలీలు. అక్కడ ఎవరూ నిలబడరు, నిలబడితే సెక్యూరిటీ ఊరుకోడు. మధ్యాహ్నం పూటే అలా ఉంటే, చీకటి పడ్డాక ఒంటరిగా ఇంటికి వెళ్లే ఆడపిల్ల ఆ గోడ వెంట నడుస్తుందా, ఆటో ఎక్కుతుందా? మా వీధిలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఆమెకు కనబడేంత దూరంలో ఎవరో ఒకరు గల్లా దగ్గర కూర్చునే ఉంటారు. ఏ కెమెరాకూ ఆ పని చేతకాదు.

2. గాలి.

ఇది చెబితే విచారణలో ఒకరిద్దరు నవ్వారు. పైకి పోయేకొద్దీ గాలి వేగం పెరుగుతుందని మీకు నేను చెప్పాలా? ఆ గాలి వెడల్పాటి టవరు ముఖానికి కొట్టుకుని, దారి లేక గోడ వెంట కిందికి జారుతుంది. నేల దగ్గర మూలల నుంచి తోసుకుని పోతుంది. దుకాణం ముందు వేలాడదీసిన సరుకు నిలవదు, తలుపు తెరిచి ఉంచలేం, ముసలివాళ్లు తూలతారు. ఇంగ్లండులోని లీడ్స్‌లో 2007లో పూర్తయిన బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ అనే 32 అంతస్తుల భవనం పక్కన, 2011లో గాలికి ఒక లారీ ఒరిగి పడి దారిన పోయే మనిషి చనిపోయాడు. ఆ తర్వాత గాలి మరీ ఎక్కువైన రోజుల్లో ఆ రోడ్డునే మూసేయాల్సి వచ్చింది. భవనం లేచాక, మనిషి పోయాక, రోడ్డు మీద గాలిని ఆపే అడ్డాలు కట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 1985 డౌన్‌టౌన్ ప్లాన్‌తోనే అంకె పెట్టుకుంది: జనం నడిచే చోట గంటకు 11 మైళ్లు, అంటే సుమారు 18 కిలోమీటర్లు, కూర్చునే చోట 7 మైళ్లు. పగటి వేళల్లో పదో వంతు సమయానికి మించి గాలి ఈ హద్దు దాటితే డిజైను మార్చాలని రూలు రాసుకుంది. మన దగ్గర టవరు కూలకుండా గాలి లెక్క వేస్తారు. కింద నడిచే మనిషి సంగతి ఆ లెక్కలో ఉండదు.

3. నీడ, అద్దాల ఎండ.

ఎండ మండిపోయే చోట నీడ వరమే కదా అంటారు. కొంత నిజమే, దీని మీద నేను ఎక్కువ వాదించను. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు తగలని వీధికీ, చెట్టు నీడకూ తేడా ఉంది. న్యూయార్క్‌లో 1915లో ఎకరానికి కాస్త తక్కువ జాగాలో 12 లక్షల చదరపు అడుగుల ఈక్విటబుల్ బిల్డింగ్ నిట్టనిలువుగా లేచింది. చుట్టుపక్కల వీధులు చీకటైపోయాయన్న గొడవ అప్పటికే ఉన్న వాదనలకు తోడై, మరుసటి ఏడాది, 1916లో, ఎత్తు పెరిగేకొద్దీ భవనం వెనక్కి తగ్గాలన్న రూలు వచ్చింది. నూరేళ్లు దాటిన రూలు! ఇక అద్దాల సంగతి. లండన్‌లో 2013లో ఒక టవరు వంపు తిరిగిన అద్దాల మీంచి పడిన ఎండకు కింద పార్క్ చేసిన కారు భాగాలు కరిగాయి. తర్వాత ఆ ముఖానికి ఎండ అడ్డాలు బిగించారు.

4. అద్దెలు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే, మోడల్‌లో అసలు కనబడనిదీ ఇదే. పాత భవనం కట్టిన ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. అందుకే అందులో తక్కువ అద్దెకు గది దొరుకుతుంది. ఆ తక్కువ అద్దె మీదే రిపేర్లు చేసేవాడు, జిరాక్స్ పెట్టుకున్నవాడు, పాత పుస్తకాలమ్మేవాడు, మొదటిసారి వ్యాపారం మొదలెట్టిన కుర్రాడు బతుకుతారు. కొత్త భవనానికి బ్యాంకు అప్పు ఉంటుంది, వడ్డీ ఉంటుంది. ఆ అద్దె కట్టగలిగేది బ్యాంకులు, పెద్ద చైన్ షోరూములే. ‘గ్రౌండ్ ఫ్లోర్‌లో రిటైల్ ఇస్తున్నాం కదా’ అంటారు బిల్డర్లు. నిజమే, ఇస్తున్నారు. వెయ్యి చదరపు మీటర్లు ఒకటే ముక్కగా ఇస్తున్నారు. పన్నెండడుగుల వెడల్పు గదిలో బతికేవాడికి అది ఇచ్చినట్టా? ఎత్తు పరిమితి పెరుగుతుందన్న పుకారు పుట్టగానే స్థలం విలువ పెరిగింది, ఓనరు లీజు పొడిగించడం మానేశాడు, పదకొండు నెలల అగ్రిమెంట్లు కూడా నెల నెలా అయిపోయాయి. టవరు ఇంకా పునాది కూడా తీయలేదు. మనుషులు అప్పుడే ఖాళీ చేస్తున్నారు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మా వీధిలో ఓనర్లందరూ అమాయకులేం కాదు. మంచి రేటు వస్తే అమ్మేసేవాళ్లు సగం మంది ఉంటారు, అది వాళ్ల హక్కు. నేను మాట్లాడేది అద్దెకుంటున్న వాళ్ల గురించి, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల గురించి, వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్ల గురించి.

5. కట్టే కాలం.

మూడు, నాలుగేళ్లు రేకుల కంచె. ఫుట్‌పాత్ మాయం. కాంక్రీటు లారీలు. చిన్న వ్యాపారం ఆరు నెలలు బేరం లేకపోతేనే నిలవదు, నాలుగేళ్లు తట్టుకున్నవాడు అరుదు. రోడ్డుకు రెండు పక్కలా ఒకేసారి పని మొదలైతే చెప్పేదేముంది.

6. జనాన్ని పైకి ఎత్తుకుపోయే దారులు.

ప్రతిపాదనలో టవర్ల మధ్య మొదటి అంతస్తు ఎత్తున వంతెనలున్నాయి. అమెరికాలోని మినియాపొలిస్ 1962లో, కెనడాలోని కాల్గరీ 1970లో ఇలాంటివి మొదలుపెట్టాయి. కాల్గరీలో వాటి పేరే ప్లస్ ఫిఫ్టీన్, వీధికి సుమారు 15 అడుగుల ఎత్తున ఉంటాయి కాబట్టి. గడ్డకట్టే చలిలో వాటికి అర్థముంది. అయినా జనం పైనే తిరిగి, వీధి బోసిపోతోందన్న వాదన అక్కడా దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. చలే లేని చోట ఈ వంతెనలు ఎవరి కోసం?

‘ఇవన్నీ వింటే ప్రాజెక్టు గిట్టుబాటు కాదు’ అని విచారణలో ఒక బిల్డరు గారన్నారు. లెక్క నేనూ వేశాను. పది వేల చదరపు మీటర్ల స్థలం అనుకోండి. అందులో అయిదో వంతు మీద 30 అంతస్తులు కట్టి మిగతాది ప్లాజాగా వదిలితే 60,000 చదరపు మీటర్లు వస్తుంది. అదే స్థలంలో వీధి వైపు సగం జాగాలో మూడంతస్తులు వేయండి, 15,000. వెనక 1,500 చదరపు మీటర్ల అడుగుతో సన్నటి టవరు 30 అంతస్తులు లేపండి, 45,000. మొత్తం అదే 60,000. ఇంకా మూడో వంతుకు పైగా స్థలం గాలికీ, సామాన్ల లారీలకూ మిగులుతుంది. ఎఫ్ఎస్ఐ, అంటే స్థలాన్ని బట్టి కట్టుకోనిచ్చే మొత్తం వైశాల్యం, ఒక్క గజం తగ్గలేదు. తగ్గిందల్లా బ్రోషర్ ముఖచిత్రం మీద ప్లాజా ఫొటో.

ఆ ప్లాజాల గురించీ ఒక ముచ్చట. న్యూయార్క్ 1961లో, ముందు ఖాళీ జాగా వదిలితే అదనపు అంతస్తులిస్తామంది. బిల్డర్లు వదిలారు, జనం రాలేదు. విలియం వైట్ అనే ఆయన 1970ల్లో కెమెరాలు పెట్టి చూసి తేల్చిందేమిటంటే, కూర్చోడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారట! దాని మీద 1975లో రూలు మార్చి కూర్చునే చోటు తప్పనిసరి చేశారు.

టవరూ బజారూ పక్కపక్కన బతకలేవన్నది అబద్ధం. సింగపూర్ బోట్ కీ దగ్గర నది ఒడ్డున రెండు మూడంతస్తుల పాత షాపుల వరస ఉంది. దాని వెనకే 280 మీటర్ల యూఓబీ ప్లాజా. 1989లో బోట్ కీ, చైనాటౌన్, లిటిల్ ఇండియా లాంటి పాత వీధుల్ని పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. ఇప్పుడు అలా కాపాడిన భవనాలు ఏడు వేలకు పైమాటే. ఆ షాపుల ముందు ఎండా వానా తగలకుండా వరసగా వరండా ఉంటుంది. వ్యాంకూవర్‌లో ఇంకో దారి పట్టారు. వీధి వెంట తక్కువ ఎత్తు కట్టడం, దాని మీద వెనక్కి జరిగి సన్నటి టవరు. అంతస్తు వైశాల్యం 6,500 చదరపు అడుగుల దరిదాపు, ఇళ్ల టవరుకూ టవరుకూ మధ్య కనీసం 80 అడుగులు. పైనుంచి జారే గాలి ఆ కింది కట్టడం కప్పు మీద పడుతుంది, మనిషి నెత్తిన కాదు.

పాత భవనం ఓనరుకు నష్టం కాదా అంటే, దానికీ దారి పాతదే. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద 50కి పైగా అంతస్తుల టవరు కట్టనివ్వలేదని రైల్వే కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో కోర్టు నగరం పక్షానే నిలిచింది. పైన వాడుకోని హక్కును దగ్గరి స్థలాలకు బదలాయించుకునే వీలుందన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన కారణం. మనం టీడీఆర్ అంటున్నది అదే. మన దగ్గర అది రోడ్డు వెడల్పులో స్థలం పోయినప్పుడే గుర్తొస్తుంది. వీధిని నిలబెట్టడానికీ వాడొచ్చు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. బజారు వీధి వైపు గోడ ఎత్తు ఇప్పటి వీధి ఎత్తును, అంటే సుమారు 12 మీటర్లను దాటకూడదు. ఆపైన లేచే టవరు కనీసం పది మీటర్లు వెనక్కి జరగాలి. ఎనిమిదంటారా, కూర్చుని మాట్లాడదాం. సున్నా అంటే మాత్రం ఒప్పుకోం.

2. వంద మీటర్లకు కనీసం పన్నెండు తలుపులు, అవి వీధిలోకే తెరుచుకోవాలి. ఎన్ని ప్లాట్లు కలిపి కట్టినా సరే. లాబీ ముఖం ఆరేడు మీటర్లు చాలు.

3. బజారు వీధిలోకి కారు ర్యాంపు పెట్టకూడదు. వీధి వైపు ముఖాన పార్కింగ్ అంతస్తులు రాకూడదు.

4. గాలి పరీక్ష నివేదిక అనుమతికి ముందే, అందరికీ అర్థమయ్యే భాషలో బయట పెట్టాలి. ఒక్కో టవరుకు విడివిడిగా కాదు, రాబోయే టవర్లన్నీ నిలబడితే ఎలా ఉంటుందో చూపాలి. గాలి ఎంత దాటకూడదో మనకూ ఒక అంకె ఉండాలి.

5. ఖాళీ చేయించే ప్రతి అద్దెదారుకూ కట్టే కాలంలో దగ్గర్లోనే చోటు, కట్టాక తిరిగి వచ్చే హక్కు, కొన్నేళ్ల పాటు మెట్టు మెట్టుగా పెరిగే అద్దె ఇవ్వాలి. ఇది అనుమతి పత్రంలోనే రాయాలి. నోటి మాట వద్దు. నోటి మాట మీద ఖాళీ చేసి, తిరిగి వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

6. ఎత్తు పెంచుకోని భవనాల ఓనర్లకు టీడీఆర్ ఇవ్వాలి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరు కొన్నారో ఎవరైనా చూసుకునేలా రిజిస్టరు తెరిచి ఉంచాలి. అది మూసి ఉంటే ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

7. వీధికి రెండు పక్కలా ఒకేసారి పని మొదలుపెట్టకూడదు. కంచె వేసినా ఫుట్‌పాత్ ఆగకూడదు.

8. మేమిచ్చిన ప్రతి అభ్యంతరానికీ విడిగా, కారణంతో సహా, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అప్పటిదాకా ఎత్తు పరిమితుల ఫైలు ముందుకు కదపొద్దు.

మా వంతు కూడా ఉంది. ఫుట్‌పాత్ మీదికి సరుకు సర్దేవాళ్లలో నేనూ ఉన్నాను. గీత గీయండి, ఆ గీత దాటం, దాటినవాడి తరఫున మాట్లాడం. వీధి మీద ఎండా వానా ఆపే వరండా కట్టే పనైతే మా వాటా ఖర్చు పెట్టుకుంటాం. సామాన్ల లారీలు తెల్లవారుజామునే వచ్చి వెళ్లేలా చూసుకుంటాం.

బిల్డర్లకు ఒక్క మాట. మీ బ్రోషర్లలో ‘చారిత్రక బజారుకు రెండు అడుగుల దూరంలో’ అని మా వీధి ఫొటోనే వేస్తున్నారు, ఆ ఫొటోలో నా దుకాణం బోర్డు కూడా ఉంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోండి, వద్దనం. చెట్టును మాత్రం ఉంచండి.

ఆర్కిటెక్టులారా, మీలో చాలామంది చదువుకునే రోజుల్లో స్కెచ్ పుస్తకాలు పట్టుకుని మా వీధికి వచ్చి, మా మెట్ల మీద కూర్చుని గీసుకున్నవాళ్లే. మేం ఎవరినీ లేవమనలేదు.

అధికారులకు చివరిగా ఒక విన్నపం. మళ్లీ విచారణ పెట్టండి. ఈసారి ఆఫీసులో కాదు, మా వీధిలోనే, సాయంత్రం ఆరింటికి, బేరాలు నడుస్తున్న వేళ. మోడల్ కూడా తీసుకురండి. మా వీధికి తలుపులు పెట్టి తీసుకురండి. ఎన్నున్నాయో లెక్క నా దగ్గరుంది, కావాలంటే ముందే పంపిస్తాను.

ఇట్లు,
బజారు వీధి దుకాణదారుల తరఫున
ఒక దుకాణదారుడు